ఎర్రగుడి కొండపై అశోకుని చాటింపు

తొలకరి వాన పడిందంటే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో జనం పొలాల బాట పడతారు. జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. ఆడా మగా, పిల్లా పెద్దా నడుం వంచి, చూపు నేలమీదనే నిలిపి వజ్రం కోసం వెదుకుతారు. పక్క జిల్లాల నుంచి సద్ది కట్టుకుని వచ్చి చెట్ల కింద, గుళ్లలో తలదాచుకునేవారు కూడ వుంటారు. వజ్రం దొరికినవాడి కథ ఏడాది పొడుగునా రచ్చబండ దగ్గర నడుస్తుంది. దొరకనివారి కథ ఎవరూ చెప్పుకోరు.

ఇదే మండలంలో వెదకకుండానే దొరికే నిధి మరొకటి వుంది. అది ఎర్రగుడి దగ్గర చిన్న కొండమీద, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ 2,250 సంవత్సరాలకు పైగా నిలిచివుంది. మౌర్య చక్రవర్తి అశోకుడు బండలపై చెక్కించిన శాసనాలవి. అశోకుడు దారుల వెంట చెట్లు నాటించాడని బడిలో చదువుకోనివారు లేరు. ఆ మాట రాసివున్న బండ తమ జిల్లాలోనే వున్నదని తెలిసినవారు మాత్రం తక్కువ.

తిరుపతి, శ్రీశైలం, మంత్రాలయం యాత్రలకు ఏటా పోయి వచ్చే కుటుంబాలు ఒక్క పగలు కేటాయిస్తే ఈ కొండను, దాని చుట్టుపక్కల వున్న మరి మూడు నాలుగు చోట్లను చూసి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

ఎక్కడ వుంది?

ఎర్రగుడి కర్నూలు జిల్లాలో వున్నా దానికి దగ్గరి పట్టణం అనంతపురం జిల్లాలోని గుత్తి. కర్నూలు నుంచి బెంగుళూరు రహదారిమీద డోన్ దాటి పోతే వంద కిలోమీటర్ల లోపే గుత్తి వస్తుంది. గుత్తికి రైలు సౌకర్యం కూడ వుంది. అక్కడినుంచి పత్తికొండ రోడ్డుమీద పదిహేను కిలోమీటర్లలోపు ప్రయాణం చేస్తే ఎర్రగుడి ప్రాంతం చేరుకోవచ్చు. పత్తికొండ వైపు నుంచి వచ్చేవారికీ ఇదే రోడ్డు.

కొండ పెద్దదేమీ కాదు. బడిపిల్లలు కూడ ఆయాసం లేకుండా ఎక్కగలరు. చుట్టూ పొలాలు, దూరంగా మెట్టలు. పెద్ద పెద్ద గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు వుంటాయి. ఆ గుండ్ల ముఖాలమీదనే అక్షరాలు చెక్కి వున్నాయి. ఎండాకాలంలో బండ కాలుతుంది కాబట్టి కార్తికం మొదలు మాఘం వరకు పోవడం మేలు. తాగునీళ్లు వెంట తీసుకుపోవాలి. మిట్ట మధ్యాహ్నం పోతే నిట్టనిలువు ఎండలో అక్షరం కంటికి ఆనదు. పొద్దున్నే గాని పొద్దువాలే వేళ గాని పోతే ఏటవాలు వెలుగులో గీతలు తేటగా కనిపిస్తాయి.

ఎలా బయటపడింది?

ఎన్ని తరాల పశువుల కాపరులు ఆ బండల నీడన సద్ది తిన్నారో లెక్కలేదు. గీతలు చూసినవారు వుండే వుంటారు. చదవగలిగినవారే లేరు. అశోకుని కాలంనాటి బ్రాహ్మీ లిపిని చదివే విద్య దేశంలోనే మరుగున పడిపోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయుడు దాని గుట్టు విప్పాడు. ఆ తర్వాత కూడ ఎర్రగుడి బండలు తొంభై ఏళ్లపాటు ఎవరి కంటా పడలేదు. 1928-29 ప్రాంతంలో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గుర్తించి పురావస్తు శాఖకు తెలియజేశాడు. ఆ శాఖకు చెందిన దయారాం సాహ్ని వీటిని పరిశీలించి లోకానికి ప్రకటించాడు.

అశోకుని శిలాశాసనాలలో పెద్దవి పద్నాలుగు, చిన్నవి రెండు. పెద్ద శాసనాలు పద్నాలుగూ పూర్తి వరుసగా వున్న చోటు దక్షిణ దేశంలో ఎర్రగుడి ఒక్కటే. వాటితోపాటు చిన్న శాసనాలు రెండూ ఇదే కొండమీద వున్నాయి. ఇవి క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దం నాటివి. భాష ప్రాకృతం.

డప్పు కొట్టించి చెప్పమన్న మాట

ఇక్కడి చిన్న శాసనం పల్లెటూరివారికి అన్నిటికంటె ఆసక్తి కలిగిస్తుంది. ఆ రోజుల్లో పల్లెసీమలపై అధికారం చేసే ఉద్యోగిని రాజుకుడు అనేవారు. తన మాటను ఆ రాజుకుడు భేరి మోగించి జనపదంలోని ప్రజలకు చాటాలని చక్రవర్తి ఆజ్ఞాపించాడు. మొన్నమొన్నటి దాకా పల్లెల్లో శిస్తు కట్టమని, చెరువు పనికి రమ్మని వేయించిన చాటింపు లాంటిదే ఇది.

ఏమని చాటాలి? తల్లి మాట, తండ్రి మాట వినాలి. పెద్దలను గౌరవించాలి. ప్రాణులపట్ల దయ చూపాలి. నిజం పలకాలి. శిష్యుడు గురువును సేవించాలి. బంధువులతో తగినరీతిగా మెలగాలి. శాసనం సారాంశం ఇంతే. పన్ను సంగతి గాని, శిక్ష సంగతి గాని ఇందులో లేదు.

ఈ మాటలను శిష్యులకు నేర్పవలసినవారెవరో కూడ శాసనం చెబుతుంది. ఏనుగులను నడిపేవారు, లెక్కలు రాసేవారు, బండ్లకు గుర్రాలను మాలిమి చేసేవారు, బ్రాహ్మణులు. ఇందులో లెక్కలు రాసేవారిని ‘కరణక’ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యేదాకా వూరి లెక్కలు రాసిన కరణం పేరు వింటే ఆ పాత మాట గుర్తుకు రాక మానదు.

మొదటి చిన్న శాసనంలో మరో మంచి మాట వుంది. బౌద్ధాన్ని నమ్మిన మొదట్లో ఏడాదిపాటు తాను గట్టిగా పాటుపడలేదని చక్రవర్తి స్వయంగా ఒప్పుకున్నాడు. సంఘానికి దగ్గరయ్యాక పట్టుదలగా శ్రమించానన్నాడు. ఈ ఫలం గొప్పవారికే దక్కుతుందని అనుకోవద్దు, పాటుపడితే చిన్నవాడు కూడ స్వర్గాన్ని అందుకోగలడు అని చెప్పించాడు. రాజు తన లోపాన్ని బండమీద చెక్కించి ప్రజలకు చెప్పుకోవడం ఎంతో అరుదు.

పద్నాలుగు శాసనాల సారం

పెద్ద శాసనాలలో విషయాలు అనేకం. మొదటిది జంతుబలి వద్దంటుంది. రాజు వంటశాలలో ఒకప్పుడు రోజూ లక్షలాది ప్రాణులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింకకు తగ్గించామని, ముందుముందు ఆ మూడు కూడ వుండవని చెబుతుంది. రెండవది మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేసిన సంగతి తెలుపుతుంది. మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించారు. దారుల వెంట బావులు తవ్వించారు, చెట్లు పెట్టించారు. ఎద్దుకు జబ్బు చేస్తే దిగులుపడే రైతుకు ఈ శాసనం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆరవ శాసనం ప్రకారం ప్రజల పనిమీద వచ్చిన కబురును ఏ వేళనైనా రాజుకు చెప్పవచ్చు. ఆయన భోజనం చేస్తున్నా, అంతఃపురంలో వున్నా, తోటలో వున్నా సరే. అర్జీ పట్టుకుని రోజుల తరబడి కచేరీ చుట్టూ తిరిగినవారు ఈ బండ ముందు కాసేపు నిలబడక మానరు. తొమ్మిదవ శాసనం జబ్బులకు, పెళ్లిళ్లకు, పురుళ్లకు, ప్రయాణాలకు జనం చేసే తంతుల గురించి మాట్లాడుతుంది. వాటికంటె పనివారితో మంచిగా వుండటం, గురువులను గౌరవించడం, ప్రాణులను హింసించకపోవడం అసలైన శుభకార్యాలని చెబుతుంది. పన్నెండవది అన్ని మతాలవారు ఒకరి మాట ఒకరు వినాలని కోరుతుంది. తన మతాన్ని పొగుడుకోవడానికి ఎదుటి మతాన్ని దూషించేవాడు తన మతానికే చేటు చేస్తున్నాడని హెచ్చరిస్తుంది.

పదమూడవది కళింగ యుద్ధం గురించినది. లక్షా యాభై వేలమందిని చెరపట్టి తరలించారు. లక్షమంది హతులయ్యారు. అంతకు ఎన్నో రెట్లు ఇతరత్రా చనిపోయారు. గెలిచిన రాజు ఆ లెక్క చెప్పి, అందుకు తాను బాధపడుతున్నానని చాటాడు. యుద్ధం జరిగిన కళింగ దేశంలోని ధౌలి, జౌగడ బండలమీద ఈ శాసనం వేయించలేదు. ఎర్రగుడి బండమీద మాత్రం వుంది. చక్రవర్తి ధర్మాన్ని అనుసరించేవారి వరుసలో ఆంధ్రుల పేరు కూడ ఈ శాసనంలోనే వస్తుంది.

మన అక్షరానికి పుట్టిల్లు

బ్రాహ్మీ అక్షరం చూడటానికి ఎంతో తేలిక. నిలువు గీతపై అడ్డగీత గీస్తే ‘క’. గుడిసె కప్పులా రెండు వాలు గీతలు కలిపితే ‘గ’. సున్న చుడితే ‘ఠ’. వంకర తిరిగిన నిలువు గీత ‘ర’. ఈ అక్షరాలే కాలక్రమాన మార్పు చెంది తెలుగు, కన్నడ లిపులుగా రూపు దిద్దుకున్నాయి. పలకమీద అక్షరాలు దిద్దే పిల్లవాడికి వాటి ముత్తాతల తాతలను చూపించాలంటే ఈ కొండకు తీసుకురావాలి.

ఎర్రగుడి చిన్న శాసనంలో ఒక వింత వుంది. బ్రాహ్మీని తెలుగులాగే ఎడమనుంచి కుడికి రాస్తారు. ఇక్కడ కొన్ని వరుసలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి. చాలు చివర ఎద్దులను మళ్లించి తిరిగి దున్నుకొచ్చినట్టు రాత అటునుంచి ఇటు, ఇటునుంచి అటు సాగుతుంది. కుడినుంచి ఎడమకు రాసే ఖరోష్ఠీ లిపికి అలవాటుపడిన లేఖకుడు చెక్కించి వుండవచ్చని కొందరు పండితుల ఊహ. కారణం ఏదైనా అశోకుని శాసనాలలో ఇటువంటి రాత అపురూపం.

మరో విశేషం. ఈ శాసనాలలో అశోకుడు అనే పేరు కనిపించదు. దేవానాంపియ, పియదసి అనే బిరుదులే వున్నాయి. రాయచూరు జిల్లా మస్కిలో 1915లో దొరికిన శాసనంలో అశోకుడనే పేరు కనిపించాక ఆ బిరుదులు ఎవరివో తేటపడింది.

దారిలో చూడదగినవి

పత్తికొండ మండలంలోని రాజుల మందగిరిలో కూడ అశోకుని చిన్న శాసనం వుంది. రామలింగేశ్వరాలయం దగ్గరి బండపై వున్న ఈ శాసనం బాగా అరిగిపోయింది. మిగిలిన ముక్కలను ఎర్రగుడి శాసనంతో పోల్చి పండితులు చదివారు. ఎర్రగుడి రాత నిలబడివుండటం ఎంత అదృష్టమో ఇక్కడికి వస్తే తెలుస్తుంది.

వజ్రాల వేటకు పేరుపడిన జొన్నగిరికి చరిత్రలోనూ చోటు వుంది. కర్ణాటకలోని బ్రహ్మగిరి, సిద్దాపుర శాసనాలు సువర్ణగిరి నుంచి రాజకుమారుడు పంపిన ఆజ్ఞలుగా మొదలవుతాయి. ఆ సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు అంటారు. వాదం తేలకపోయినా, బంగారు ఖనిజం వున్న ఈ నేలకు, చుట్టూ వున్న అశోక శాసనాలకు సంబంధం వుందనుకోవడానికి ఆస్కారం లేకపోలేదు.

పత్తికొండలో సర్ థామస్ మన్రో కన్నుమూశాడు. నిజాం 1800లో ఆంగ్లేయులకు వదిలిన దత్తమండలాలకు ఆయన మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు. 1807 వరకు వూరూరా తిరిగి భూములు కొలిపించి రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. తర్వాత మద్రాసు గవర్నరై, పదవి విడిచేముందు ఈ జిల్లాలను ఒకసారి చూసిపోదామని వచ్చాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం పత్తికొండలో తోపు వేయించి మెట్ల బావి కట్టించింది. భౌతికకాయాన్ని మొదట గుత్తి కోట కింద ఖననం చేసి 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారు కూడ వుండేవారని చెబుతారు.

తిరుగు ప్రయాణంలో గుత్తి కోట చూడవచ్చు. కోటపైన చాళుక్య విక్రమాదిత్యుని కాలపు శాసనాలు, గుత్తిని దుర్గాలకే రాజు అని కొనియాడిన బుక్కరాయల కాలపు శాసనం వున్నాయి. కొండ అంచున మురారిరావు గద్దె పేరుతో చిన్న మండపం నిలిచివుంది. ఆ మరాఠా సర్దారును ముట్టడించి హైదరాలీ 1776లో కోటను పట్టుకున్నాడు. పైన నీళ్లు అడుగంటడంతో మురారిరావు లొంగక తప్పలేదు. కోట ఎక్కదలచినవారు ఎండ ముదరకముందే బయలుదేరాలి.

బండకు వచ్చిన ముప్పు

రెండు వేల ఏళ్లకు పైబడిన ఎండావానలను తట్టుకున్న బండకు ఎక్కువ భయం మనిషి చేతి నుంచే. చరిత్ర స్థలం ఎక్కడ చూసినా బొగ్గుతో, రంగుతో, ఇనుప మేకుతో రాసిన పేర్లు కనిపించడం మామూలైపోయింది. అశోకుని అక్షరంపై ఒక్క గీత పడితే దాన్ని చెరపడం ఎవరితరమూ కాదు. అక్షరాలు స్పష్టంగా కనిపించాలని సుద్దముక్కతో దిద్దడం, నూనె పూయడం, నీళ్లు పోసి రుద్దడం కూడ చేటే.

గుప్తనిధుల నమ్మకం మరో బెడద. పాత రాత వున్న బండ కనిపిస్తే దానికింద నిధి వుందని, ఆ రాత దాని గుర్తేనని నమ్మేవారు పల్లెల్లో ఇంకా వున్నారు. ఈ నమ్మకంతో రాయలసీమలో ఎన్నో గుళ్లలో విగ్రహాలు పెకలించారు, శాసనాల రాళ్లు పగలగొట్టారు. ఎర్రగుడి బండమీద ఏం రాసివుందో ఇప్పుడు అక్షరం అక్షరం తెలుసు. అందులో నిధి జాడ ఎక్కడా లేదు.

ఎర్రగుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో వున్న స్థలం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలాన్ని పాడుచేసినవారికి రెండేళ్లవరకు జైలు గాని, లక్ష రూపాయలవరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. స్థలం హద్దునుంచి 100 మీటర్లలోపు గనులు తవ్వరాదు, కొత్త కట్టడాలు లేపరాదు. పొలం దున్నేటప్పుడు పాత నాణేలు, నగలవంటివి బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. రాత వున్న రాయి కనిపిస్తే దాన్ని గట్టుకో, ఇంటి పునాదికో వాడకుండా రెవెన్యూ అధికారుల దృష్టికి తేవాలి. ఒక్క రాయి వూరి చరిత్రనే మార్చవచ్చు.

వూళ్లు పూనుకోవాలి

కాపలా ఎంత పెట్టినా కొండను కాపాడవలసింది చుట్టుపక్కల వూళ్లే. బండ విలువ తెలిసిన వూరు దానిమీద గీత పడనివ్వదు. తుగ్గలి, పత్తికొండ, మద్దికెర మండలాల పాఠశాలలు ఏడాదికి ఒకసారైనా పిల్లలను ఎర్రగుడికి తీసుకుపోవాలి. దూరాన వున్న వింతలు చూపించే విహారయాత్రకంటె దీనికి అయ్యే ఖర్చు తక్కువ. పోయేముందు రెండవ చిన్న శాసనం తెలుగు తాత్పర్యాన్ని ఉపాధ్యాయులు తరగతిలో చదివి వినిపిస్తే, కొండపై పిల్లలకు గీతలు కాక మాటలు కనిపిస్తాయి.

పంచాయతీలు తలచుకుంటే మరో పని కూడ చేయవచ్చు. ఆ శాసనంలోని నాలుగు మాటలను ఏటా ఒకరోజు, తేట తెలుగులో, డప్పు వేయించి వూళ్లో చాటించవచ్చు. రాజుకుడు లేడు, కరణమూ లేడు. డప్పు మాత్రం ప్రతి వూళ్లోనూ వుంది. ఈ ప్రాంతపు పల్లెజనానికి వినిపించమనే అశోకుడు ఆ మాట చెక్కించాడు.

వచ్చే తొలకరికి వజ్రాల కోసం బయలుదేరేవారు ఒక పూట ఎర్రగుడికి కూడ కేటాయిస్తే బాగుంటుంది. చేలల్లో వజ్రం దొరకవచ్చు, దొరకకపోవచ్చు. కొండమీది రాత మాత్రం పోయిన ప్రతివారికీ కనిపిస్తుంది.